పువ్వు చెక్కిన ఫిరంగి

ఆ ఉదయం నాలుగో ఫిరంగి మూతి దగ్గర పెట్టిన లప్పం మళ్ళీ ఊడి పడింది. పెట్టడం ఇది ఆరోసారి. ఓడ వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న కత్తితో కొత్త లప్పం కూరి, బొటనవేలితో సాపు చేసి, పైన బూడిద రంగు పూశాడు. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఆ ఫిరంగి దళానికి నాయకుడు, వడ్రంగి భార్యకి సొంత తమ్ముడు. లోకంలో ఫిరంగికి లప్పం పెట్టించుకున్న మొదటి సైనికుడు తనే అయి ఉంటాడని అతను సముద్రంతో చెప్పుకున్నాడు.

ఫిరంగి చెక్కది. మధ్యాహ్నం తనిఖీకి పెద్దాయన వస్తున్నాడు. ఆయన దాన్ని ఫిరంగి అని ఒప్పుకుంటే దళంలోని ఆరుగురూ ఈ ఓడలోనే ఉంటారు. ఒప్పుకోకపోతే సాయంత్రానికి ఆరుగురూ ఆరు ఓడల్లో ఉంటారు. వడ్రంగికి మిగతా అయిదుగురి సంగతి ఎలా ఉన్నా, ఆ ఆరో మనిషిని వదులుకునే వీలు లేదు. ఇంటికి వెళ్ళాలంటే వాణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళాలి.

వడ్రంగికి నలభై ఆరేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఒక ఇరుకు వీధిలో తలుపులు, కిటికీలు, మంచాలు చేశాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పెద్ద దుంగలు కోసేటప్పుడు రెండు చేతుల రంపానికి అవతలి కొస పట్టుకునేది భార్యే. ఇరవై రెండేళ్ళు ఒకే రంపాన్ని చెరోవైపు లాగిన మనుషుల మధ్య ఒక మాట చాలు, రెండో మాట అక్కర్లేదు. యుద్ధం వచ్చి, పడవలు బాగుచెయ్యగలిగిన వాళ్ళందరూ నౌకాదళానికి రావాలన్నప్పుడు, తమ్ముడు పనిచేస్తున్న ఓడలోనే వెయ్యమని అర్జీ పెట్టించింది ఆమే. రేవులో సాగనంపుతూ ఆ ఒక్క మాట కూడా చెప్పింది.

"ఎక్కేటప్పుడు ఇద్దరూ ఒకే ఓడ ఎక్కుతున్నారు. దిగేటప్పుడు ఇద్దరూ ఒకే ఓడ దిగాలి. మీరొక్కరే వచ్చి తలుపు కొడితే, ఆ తలుపు చేసింది మీరేనని కూడా చూడను."

అది జరిగి అయిదు నెలలు. ఓడలో మూడు వందల పన్నెండు మంది. ఉప్పునీళ్ళ స్నానం, నురగ రాని సబ్బు. ఒకడు లేచిన పడకలోకి ఇంకొకడు దూరతాడు కాబట్టి పడక ఎప్పుడూ చల్లారదు. ఓడ కుడివైపు ఒరిగితే టీ గ్లాసు ఎవరి ముందుకి జారితే వాడిదే, ఎడమవైపు ఒరిగేలోపు తాగెయ్యాలి. ఉత్తరాలు రెండు నెలలకోసారి కట్టలుగా వస్తాయి, వరస తప్పి వస్తాయి. వడ్రంగికి ముందు చేరిన ఉత్తరంలో పైకప్పు కారడం ఆగింది. తర్వాతి కట్టలో చేరిన దాంట్లో కారడం మొదలైంది. అన్నిటికీ చివరి వాక్యం మాత్రం ఒకటే: తమ్ముడు మీ కళ్ళ ముందే ఉన్నాడు కదా.

మూడో నెల దాకా ఢోకా లేకుండా ఉన్నాడు. కళ్ళ ముందే కాదు, చెవుల ముందు కూడా ఉన్నాడు. నాలుగో ఫిరంగి ఓడ వెనక భాగంలో, సరిగ్గా వడ్రంగి పనిగది నెత్తి మీద ఉండేది. అది పేలినప్పుడల్లా కింద గోడకి తగిలించిన ఉలులన్నీ నేల మీద పడేవి. ఏరి మళ్ళీ తగిలించి, పైకి తల పెట్టి, బామ్మర్దిని తిట్టి దిగేవాడు వడ్రంగి. మూడో నెలలో ఒకరోజు గురి సాధన చేస్తుండగా ఫిరంగి గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దారిలో తగిలిన మరమ్మతు రేవులో క్రేను వచ్చి దాన్ని పన్ను పీకినట్టు పీకేసింది, కొత్తది నాలుగు నెలలకి వస్తుందని రేవువాళ్ళు చెప్పారు. డెక్కు మీద పదహారు బోల్టుల చక్రం ఒకటి మిగిలింది, దాని చుట్టూ పని లేని ఆరుగురు మిగిలారు.

ఫిరంగి లేనిచోట ఫిరంగి దళం ఉండకూడదని నియమం. స్థానం ఖాళీ అయితే, వచ్చే తనిఖీలో ఆ ఆరుగురినీ దింపి మనుషులు తక్కువైన ఓడలకి పంచేస్తారు. ఈ ముక్క వినగానే వడ్రంగికి తన ఇంటి తలుపు గుర్తొచ్చింది. గట్టి చెక్క, లోపల రెండు గడియలు. రెండూ తనే బిగించాడు.

కెప్టెన్ నియమాల పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునే మనిషి. అబద్ధం రాయడు, రాయనివ్వడు. మూడు ఫిరంగుల ఓడని దూరం నుంచి చూసిన శత్రువుకి హుషారు పుడుతుందన్న చింత ఆయనది. వడ్రంగిని పిలిపించాడు.

"నాలుగో స్థానం ఖాళీగా ఉందా?"

"ప్రస్తుతానికి ఉందండి."

"ఎన్నాళ్ళు ఉంటుంది?"

"పది రోజులు ఇప్పించండి."

కెప్టెన్ తలాడించి పుస్తకం మూశాడు. స్థానంలో ఏం ఉండాలో ఆ పుస్తకంలో రాసి ఉంది గానీ, అది దేంతో చేసి ఉండాలో ఎక్కడా రాసి లేదని ఆయన అప్పటికే వెతికి చూసుకున్నాడు.

ఆ పది రోజులు ఓడలో ఏ వస్తువూ దాని చోట లేదు. పడవలు దించే పాత దూలం గొట్టం అయింది. రెండు పిండి పీపాలు ఒకదానికొకటి తగిలి వెనక భాగం అయ్యాయి. ఆవిరి గొట్టానికి ఉండే చక్రం ఒకటి గురి తిప్పే చక్రం అయింది. రొట్టెల పొయ్యి తలుపు పిడి పోయిందని వంటవాడు రెండు రోజులు అందరినీ అనుమానించి, మూడో రోజు టీ పట్టుకుని వెనక్కి వచ్చినప్పుడు అది ఫిరంగికి బిగించి కనిపించింది. పిడి ఇమ్మని అడగలేదు. తన పిడి లాగితే ఫిరంగి తెరుచుకుంటుందా అని అడిగాడు. తెరుచుకోదని చెబితే కాస్త నొచ్చుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద గొడవ బావకీ బామ్మర్దికీ. ఇది ఇంకా లావుండాలి, అది ఇంకా సన్నంగా ఉండాలి, ఈ లివరు కుడిచేతి వైపు రావాలి అని వాడు పొద్దున్నించీ పక్కనే నిలబడి నస పెట్టేవాడు. వాడి చూపు బాగా పనికొచ్చిందని వడ్రంగి తర్వాత ఒప్పుకున్నాడు, అప్పుడు మాత్రం బాడిస చూపించి దూరంగా ఉండమన్నాడు. చిత్రిక పట్టడం అయ్యాక వాడు గొట్టం మీద చెయ్యి వేసి నిమిరి, ముఖం చిట్లించాడు.

"ఏంటి బావా ఇంత నునుపు? ఇది ఫిరంగా, మంచం కోడా?"

"పడుకుని చూడరా, తెలుస్తుంది."

అంతా అయి, రెండు పూతల రంగు ఆరాక, పదో రోజు సాయంత్రం బామ్మర్ది మూతి కింద వేలు పెట్టి కెవ్వుమన్నాడు. అక్కడ నాలుగు రేకుల పువ్వు చెక్కి ఉంది. ఇరవై రెండేళ్ళు ప్రతి మంచానికీ తల వైపు కోడు మీద, పని పూర్తయిందన్న గుర్తుగా చెక్కిన పువ్వు అది. ఎప్పుడు చెక్కాడో వడ్రంగికే తెలియదు. ఉలి చేతిలో ఉంది, పని అయిపోయింది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మూతి దగ్గర చెక్క అప్పటికే పలచబడింది కాబట్టి చిత్రికపట్టి తీసెయ్యడానికి లేదు. లప్పం కూరి రంగు వేశారు. ఎండకి అయిదారు రోజులకోసారి లప్పం ఊడేది, పువ్వు విచ్చుకునేది. అది చూడటానికి ఇంజను గది వాళ్ళు కూడా మసి చేతులతో పైకి వచ్చేవాళ్ళు.

ఆ తర్వాత నాలుగో ఫిరంగి దళానికి నవ్వులు తప్ప వేరే జీతం లేదన్నట్టు అయింది. చెదలు పట్టకుండా మందు కొట్టారా అని ఒకడు. వానాకాలం చిగురిస్తుందేమో చూసుకోండని ఇంకొకడు. బామ్మర్ది పళ్ళు బిగించి రోజూ రెండు పూటలా విన్యాసం చేయించేవాడు. ఉన్న ఫిరంగులకంటే లేని ఫిరంగి దగ్గరే చురుకు ఎక్కువని కెప్టెన్ ఒకసారి ఆగి మరీ చూశాడు.

ఆ చురుకే కొంప ముంచబోయింది. ఒకరోజు మధ్యాహ్నం దూరంగా తెలియని పొగ కనిపించి గంట మోగింది. అందరికంటే ముందు తమ స్థానంలో నిలబడ్డది నాలుగో దళం. అంతవరకు బాగుంది. కింద మందుగుండు గదిలో ఉన్నవాళ్ళు అలవాటు చొప్పున నాలుగు ఫిరంగులకీ నాలుగు గుండ్లు పైకి పంపారు. దళంలో గుండు ఎత్తేవాడిది భారీ శరీరం, ఓడంతా గున్న అని పిలిచేవాళ్ళు. గున్న అలవాటు చొప్పున గుండు అందుకుని, అలవాటు చొప్పున ఫిరంగి వెనక్కి తిరిగి, పిండి పీపా ముందు ఆగిపోయాడు. పెట్టడానికి బొక్క లేదు. కింద పెడదామంటే మందు కూరిన గుండుని డెక్కు మీద పెట్టకూడదని నియమం. వెనక్కి పంపుదామంటే గంట మోగుతున్నంతసేపు కిందికి ఏదీ పంపకూడదని ఇంకో నియమం.

గున్న పద్నాలుగు కిలోల గుండుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని నలభై నిమిషాలు నిలబడ్డాడు. ఓడ ఒరిగినప్పుడల్లా దాని వీపు మీద మెల్లగా తట్టాడు కూడా. మిగతా అయిదుగురూ వాడివైపు చూడకుండా ముందుకే చూస్తూ, నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పొగ కాసేపు అలాగే ఉండి, పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. ఓడ అప్పుడు దానికి వీపు చూపిస్తోంది కాబట్టి, అటునుంచి కనిపించింది నాలుగో ఫిరంగి ఒక్కటేనని వడ్రంగి లెక్క. మిగతా మూడు దళాలూ ఈ లెక్క ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మర్నాటి నుంచి నాలుగో ఫిరంగికి గుండ్లు పంపొద్దని కెప్టెన్ రాతపూర్వకంగా ఆజ్ఞ ఇచ్చాడు. కానీ విన్యాసానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. వంటవాడు ముందుకొచ్చి, గుండు కొలతకి పొడుగాటి రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టి పంపడం మొదలుపెట్టాడు. పిడి పోయిన పొయ్యి తలుపుని కర్రతో తెరుస్తూ మరీ కాల్చాడు. విన్యాసం అయ్యాక దళం కూర్చుని మందుగుండు తినేసేది. వారం తిరిగేసరికి మొదటి ఫిరంగి దళం నుంచి ఇద్దరు నాలుగోదానికి మార్చమని అర్జీ పెట్టుకున్నారు.

తనిఖీ కబురు ఈ సంతోషాల మధ్య వచ్చింది. ఒక దీవి రేవులో తొమ్మిది ఓడలు లంగరు వేసి ఉన్నాయి. తనిఖీ పెద్దాయన రోజుకి రెండు ఓడలు చూస్తున్నాడు. ముందురోజు చూసిన పక్క ఓడ నుంచి పడవ మీద సమాచారం అందింది. ఆయన కాగితాలు పెద్దగా చూడడు. ప్రతి ఫిరంగి మీదా అరచెయ్యి ఆనించి మూడు లెక్కపెడతాడు. రంగు కింద గ్రీజు ఎంత ఉందో ఆ చేతికి తెలిసిపోతుందట.

బామ్మర్ది తలెత్తి ఎండ చూశాడు. వాళ్ళ ఓడ వంతు మిట్టమధ్యాహ్నం. ఆ ఎండకి మూడు ఇనుప ఫిరంగులూ పెనాల్లా ఉంటాయి. చెక్క అంత వేడెక్కదు. మూడుచోట్ల కాలిన చెయ్యి నాలుగో చోట హాయిగా ఉంటే, పెద్దాయనకి వేరే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మిగతా మూడింటినీ తడి గోనెలతో చల్లబరుద్దామంటే, తుప్పు పడితే నువ్వు తోముతావా అని ఆ దళాలు మీదికొచ్చాయి. ఇక నాలుగోదాన్ని వేడి చెయ్యాలి. చెక్కని వేడి చెయ్యడం ఎలాగో ఓడలో ఒక్కడికే తెలుసు.

బట్టల గదిలో ఉండే ఇస్త్రీ మేస్త్రీ పదకొండున్నరకి బొగ్గుల పెట్టె పట్టుకుని వచ్చాడు. ఫిరంగి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. చొక్కాలకైతే కాలరు నుంచి మొదలుపెడతాననీ, దీనికి ఎక్కణ్ణించో చెప్పమనీ అడిగాడు. పెద్దాయన చెయ్యి పడే చోటు సుమారుగా గుర్తుపెట్టి చూపించారు. తడిగుడ్డ వెయ్యకపోతే మాడుతుందని అతను మొత్తుకున్నాడు. తడి కనిపిస్తే అసలుకే మోసమని బామ్మర్ది వెయ్యనివ్వలేదు. అలా యుద్ధనౌక వెనక భాగంలో, నిలువు గీతలా నిలబడ్డ ఆరుగురు సైనికుల మధ్య, ఒక మనిషి ఫిరంగికి ఇస్త్రీ చేశాడు.

పెద్దాయన సమయానికే వచ్చాడు. మనిషి పొట్టి, నడక నెమ్మది. మొదటి ఫిరంగి మీద చెయ్యి పెట్టి, మూడు లెక్కపెట్టి, జేబురుమాలుతో తుడుచుకున్నాడు. రెండోదాని దగ్గరా అంతే. మూడోదాని దగ్గర ఏదో గుర్తొచ్చి కెప్టెన్‌తో మాటల్లో పడ్డాడు. ఇస్త్రీ మేస్త్రీ ఈలోగా పెట్టె తియ్యాలా వద్దా అని సైగ చేశాడు. ఇంకాసేపు ఉంచమని బామ్మర్ది కనుసైగ. ఆ ఇంకాసేపు కాస్త పొడుగైంది.

పెద్దాయన ఇటు తిరిగేసరికి మేస్త్రీ పెట్టెతో సహా మెట్లు దిగి మాయమయ్యాడు. ఫిరంగి మాత్రం పొగలు కక్కుతోంది. సన్నటి, నీలపు పొగ. గాలంతా రంగు మాడిన వాసన.

పెద్దాయన ఆగి, ఇది ఇప్పుడే పేల్చారా అని అడిగాడు. ఆయన దగ్గరికొచ్చి చెయ్యి ఆనించాడు. మూడు దాకా పోలేదు, ఒకటి దగ్గరే వెనక్కి తీశాడు. అరచేతికి బూడిద రంగు అంటుకుంది. గొట్టం మీద, ముందు కొసగా వెనక వెడల్పుగా, ఇస్త్రీపెట్టె అచ్చు గోధుమరంగులో స్పష్టంగా ఉంది. ఆయన ఆ అచ్చుని చాలాసేపు చూశాడు. తర్వాత వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. తలుపు కొట్టినట్టే మోగింది. సరిగ్గా అప్పుడే, ఆ దెబ్బకి, మూతి కింద లప్పం ఊడి ఆయన బూటు మీద పడింది.

పెద్దాయన వంగి పువ్వు చూశాడు. అలా వంగే కాసేపు ఉండిపోయాడు. భుజాలు కదిలాయి. నిలబడ్డాక ముఖంలో మళ్ళీ ఏమీ లేదు.

"ఎవరు చేశారు?"

వడ్రంగి ఒకడుగు ముందుకేశాడు. ఎన్ని రోజులు పట్టిందని అడిగితే పది అన్నాడు. దీన్ని బయటివాళ్ళు ఎంత దూరం నుంచి చూశారని పెద్దాయన కెప్టెన్ని అడిగాడు. కెప్టెన్ పొగ సంగతి, అది పక్కకి తిరిగిన సంగతి, ఎందుకు తిరిగిందో తెలియదన్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దాయన రేవులో నిలిచి ఉన్న ఓడలవైపు చూశాడు. గొట్టాలు పగిలి ఖాళీ అయిన స్థానాలు తనకి ఇంకా పదకొండు ఉన్నాయనీ, వాటికి కొత్తవి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలనీ, ఈ మనిషిని రేపు మరమ్మతు ఓడకి పంపమనీ అన్నాడు. దళం జోలికి పోనక్కర్లేదు, స్థానం ఖాళీగా లేదు కదా అని కూడా అన్నాడు.

ఆరుగురూ ఉండిపోయారు. వెళ్ళాల్సింది వడ్రంగి. తలుపు మీద గడియలు రెండూ ఒకేసారి పడిన చప్పుడు అతనికి వినిపించింది.

"గొట్టం నేను చేస్తానండి," అన్నాడు వడ్రంగి. "ఎంత లావుండాలో, లివరు ఎటుండాలో నాకు తెలీదు. అది వీడు చెప్పాలి."

పెద్దాయన బామ్మర్దివైపు తిరిగాడు. రెండు నెలల్లో అసలు ఫిరంగి వస్తుంది, అది నీదే, ఇక్కడుంటే దాన్ని పేలుస్తావు, అక్కడికెళ్తే చెక్కలు కొలుస్తావు, ఆలోచించుకో అన్నాడు. బామ్మర్ది తన ఫిరంగిని చూశాడు, ఇస్త్రీ అచ్చుని చూశాడు. బావ ముఖం మాత్రం చూడలేదు. గున్న చేతిలో ఎవరో ముందుగా పెట్టిన రొట్టె ఉంది, వాడు దాన్ని అలాగే భుజాన వేసుకుని ఉన్నాడు.

"ఈయన్ని ఒక్కణ్ణే పంపితే అన్నిటికీ పువ్వులు చెక్కేస్తాడండి," అన్నాడు బామ్మర్ది.

మర్నాడు ఉదయం ఇద్దరూ ఒకే పడవలో మరమ్మతు ఓడకి వెళ్ళారు. ఒకడి చేతిలో పనిముట్ల పెట్టె, ఇంకొకడి చేతిలో గ్రీజు డబ్బా. నాలుగో ఫిరంగి దగ్గర గున్న నాయకుడయ్యాడు. వంటవాడు దారికని రెండు గుండ్లు కట్టి ఇచ్చాడు.

తొమ్మిది నెలల తర్వాత ఒక సరుకుల ఓడ సొంత రేవుకి చేరింది. దాంట్లోంచి బావా బామ్మర్దీ పక్కపక్కనే దిగారు. ఎక్కిన ఓడ అది కాదు, కానీ ఆమె ఒకే ఓడ అంది గానీ అదే ఓడ అనలేదని వడ్రంగి దారి పొడుగునా వాదన సిద్ధం చేసుకున్నాడు. అది వాడే అవసరం రాలేదు. ఆమె గడియలు రెండూ తీసి, ముందు తమ్ముణ్ణి, తర్వాత భర్తని ఎగాదిగా చూసి, కొట్టు వెనక మూడు దుంగలు కోతకి పడున్నాయని చెప్పింది. యుద్ధంలో ఎన్ని ఫిరంగులు పేల్చావని తమ్ముణ్ణి మాత్రం భోజనాల దగ్గర అడిగింది. వాడు బావ వైపు చూశాడు.

చేసినవి పన్నెండు. వాటిలో పేలినవి లేవు, పువ్వున్నవి మూడు.